సంఘపెద్దవైన మేనల్లుడికి

ప్రియమైన మేనల్లుడికి ప్రభువు పేరట వందనాలు.

నీ ఉత్తరం నిన్న అందింది. నిన్ను మీ చర్చి సంఘపెద్దగా ఎన్నుకున్నారని తెలిసి మీ అత్తయ్య వెంటనే మోకాళ్ళూని ప్రార్థన చేసింది. బాధ్యత తీసుకున్న రెండో నెలకే నీకింత టెన్షన్ వస్తుందని అనుకోలేదు. మీ సంఘంలోని ఒక అబ్బాయి వైన్ షాపులోంచి బయటికి వస్తుంటే చూశారని ముగ్గురు చెప్పారనీ, వచ్చే మొదటి ఆదివారం అతన్ని బల్ల నుంచి, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం తీసుకోకుండా ఆపాలని కమిటీలో అంటున్నారనీ, నువ్వు ఏ పక్కన చెయ్యెత్తాలో తెలియడం లేదనీ రాశావు.

ముందు నేను చేసిన తప్పు విను. నేను పెద్దగా ఉన్న తొలి రోజుల్లో, స్త్రీల సమాజంలో పాటలు నడిపించే ఒక అక్క వరసగా మూడు నెలలు బల్ల తీసుకోలేదు. ఆరాధనకు వచ్చేది, పాట పాడేది, రొట్టె పళ్ళెం తన దగ్గరకు వచ్చేసరికి తల వంచుకుని పక్కవాళ్ళకు అందించేది. ఏదో పాపం దాచకపోతే ఎందుకు మానుతుందని కమిటీలో మొదట అన్నది నేనే. దాని గురించి రాత్రి ప్రార్థన కూడా చేశాను. పొద్దున్నకి మనసులో అదే మాట ఇంకా గట్టిపడింది. ప్రభువే బయలుపరిచాడనుకున్నాను. ఆమెను పాటల నుంచి తప్పించాం.

తర్వాత తెలిసింది. ఇంటి స్థలం హద్దు దగ్గర ఆమెకు చెల్లెలితో గొడవైంది. అర్పణ బలిపీఠం ముందే విడిచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉంది కదా, అందుకని చెల్లెలు మాట్లాడేదాకా బల్ల ముట్టకూడదనుకుంది. ప్రతి వారం చెల్లెలి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేది. వాక్యానికి లోబడినందుకు మేము ఆమెకు శిక్ష వేశాం. వెళ్ళి క్షమించమని అడిగాను, క్షమించింది. కానీ ఆ తర్వాత ఎప్పుడూ ముందు నిలబడి పాట ఎత్తుకోలేదు.

స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని సామెతలు 3:5 మనందరికీ కంఠతా వచ్చు. దాని అర్థం నాకు ఆ అక్క వల్ల తెలిసింది. దేవుని మీద ఆధారపడటమంటే కళ్ళు మూసుకుని ప్రార్థించి, లేచాక మనసుకు తోచింది దేవుని మాట అనుకోవడం కాదు. అప్పుడు కూడా నేను నా బుద్ధి మీదే ఆనుకున్నాను, పైన దేవుని పేరు పెట్టానంతే. సమూయేలు అంతటి ప్రవక్తే కొత్త రాజును అభిషేకించడానికి యెష్షయి ఇంటికి వెళ్ళి, అతని పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తు చూసి ఇతడే అభిషిక్తుడనుకున్నాడు, దేవుడు కాదన్నాడు. ఏలీ యాజకుడు మనసులోనే ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదలడం చూసి తాగి వచ్చిందనుకున్నాడు. వాళ్ళిద్దరికీ పొరపాటు జరిగినప్పుడు మనకు జరగదా?

ఆదికాండము 18లో ఒక మాట చూడు. సొదొమ గురించిన మొర దేవుని దగ్గరకు వచ్చింది. అన్నీ తెలిసిన దేవుడు, నేను దిగిపోయి చూస్తాను అన్నాడు. ఆయనే దిగి చూస్తానంటే, నువ్వూ నేనూ కమిటీ కుర్చీలోంచి లేవకుండా ఎలా తీర్పు చెబుతాం?

కాబట్టి వెళ్ళు. ఆదివారం దాకా ఆగకు. మత్తయి 18 ప్రకారం ఒక్కడివే వెళ్ళు, ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వెళితే అతను పోలీసుల్ని చూసినట్టు చూస్తాడు. పనినుంచి వచ్చి స్నానం చేసి అన్నం తిన్నాక వెళ్ళు. "నిన్ను ఫలానా చోట చూశారట, ఏమైంది నాన్నా?" అని అడిగి ఊరుకో. అతను చెప్పడం అయ్యేదాకా మధ్యలో వాక్యం ఎత్తవద్దు. వినకముందే జవాబివ్వడం మూఢత్వం, సిగ్గుచేటు అని సామెతలు 18:13 అంటుంది కదా.

ఇంకోటి, ఆ ముగ్గురినీ విడివిడిగా అడుగు. కళ్ళారా చూసింది ఎవరు, విన్నది ఎవరు? ఒకరు చూసి ఇద్దరికి చెబితే ముగ్గురు సాక్షులు కారు, ఒక్కరే. ద్వితీయోపదేశకాండము 19:15 ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలంటుంది. నా అనుభవంలో సంఘాల్లో సగం గొడవలు ఈ లెక్క తప్పడం వల్లే వచ్చాయి.

యెహోషువ 22వ అధ్యాయం ఈ వారం చదువు. యొర్దాను దగ్గర రూబేనీయులూ గాదీయులూ మనష్షే అర్ధగోత్రపు వాళ్ళూ పెద్ద బలిపీఠం కట్టారని విని, అది దేవుని మీద తిరుగుబాటే అనుకుని మిగతా ఇశ్రాయేలీయులు యుద్ధానికి కూడుకున్నారు. అయితే ముందు యాజకుడైన ఫీనెహాసునూ పదిమంది పెద్దల్నీ పంపి అడిగించారు. అది బలులకు కాదు, మనమంతా ఒకే దేవుని వాళ్ళమని సాక్ష్యంగా కట్టామని వాళ్ళు చెప్పారు. యుద్ధం ఆగిపోయింది.

అతను నిజంగానే తాగుతున్నాడని తేలితే దాచవద్దు. "తీర్పు తీర్చకుడి" అనే మాట అడ్డం పెట్టుకుని డబ్బున్నవాళ్ళ తప్పులు కప్పిపెట్టిన సంఘాలు నేను చూశాను. కానీ గలతీయులు 6:1 చెప్పినట్టు సాత్వికంగా దారికి తీసుకురావాలి. బల్ల నుంచి ఆపడం చివరి మెట్టు, మొదటిది కాదు. పైగా ఒక్క ప్రశ్న నిన్ను నువ్వే వేసుకో: ఇదే మాట మన పేటవాడి గురించో, కానుక ఎక్కువిచ్చేవాడి గురించో వస్తే కమిటీ ఇంత తొందరపడేదా?

ఆదివారంలోగా విషయం తేలకపోతే, తేలలేదనే కమిటీలో చెప్పు. నీ మీద కోపం వస్తుంది, ఓర్చుకో.

నువ్వు అతని పేరు రాశావు. మీ అత్తయ్యకు చదివి వినిపించేటప్పుడు ఆ పేరు చదవలేదు. ఈసారి ఉత్తరంలో రాయకు. మేమిద్దరం రాత్రి కుటుంబ ప్రార్థనలో "ఆ అబ్బాయి" అంటున్నాం, ఎవరో ప్రభువుకు తెలుసు.

పిల్లలకు మా ముద్దులు.

మీ మామయ్య