6,500 అని చెప్పి 19,234 బిల్లు వేశారు, కట్టేదాకా కారు ఇవ్వమంటున్నారు. ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవనివాళ్లకు రెండు ముక్కల్లో: నల్గొండలో ఒక మెకానిక్ షెడ్డుకు చిన్న పెట్రోల్ కారు ఇచ్చారు. సర్వీసు, ముందు బ్రేకుల కీచుమనే చప్పుడు, ఏసీ చల్లగా రాకపోవడం, ఈ మూడింటికి నోటిమాటగా 6,500 అన్నారు. సాయంత్రానికి చేతిరాత చీటీ వచ్చింది. ఇంజన్ ఆయిల్ 5 లీటర్లు 2,750, బ్రేకు ప్యాడ్లు 2,400, డిస్క్ స్కిమ్మింగ్ (బ్రేకు డిస్క్‌ను లేత్ మీద చదును చేయడం) 1,200, ఏసీ గ్యాస్ 800 గ్రాములు 2,800, కూలెంట్ 3 లీటర్లు 1,050, ఇంజెక్టర్ క్లీనింగ్ 1,800, ఇంజన్ ఫ్లష్ 700, ఫిల్టర్లు 900, మజూరి 2,700. మొత్తం 16,300. దాని మీద 18 శాతం జీఎస్టీ అని ఇంకో 2,934.

ముందు బండిని బయటికి తెచ్చుకోండి, పైసల పంచాయితీ తర్వాత. బాగుచేసిన వస్తువుకు న్యాయంగా రావాల్సిన మజూరి అందేదాకా దాన్ని తన దగ్గరే పెట్టుకునే హక్కు 1872 కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ పనిచేసినవాడికి ఇస్తుంది. చేయని పనికి ఆ హక్కు ఉండదు. కానీ ఏది చేశాడో ఏది చేయలేదో షెడ్డు గేటు దగ్గర తేలదు. పోలీసులను పిలిస్తే ఇది సివిల్ గొడవ అనే ఎక్కువగా అంటారు. పైగా బండి అక్కడున్నన్ని రోజులు మీ సాక్ష్యం షెడ్డు యజమాని చేతిలోనే ఉంటుంది.

అందుకే కట్టండి, కానీ అభ్యంతరం చెప్పి కట్టండి. చీటీ మీద "ఈ బిల్లుకు ఒప్పుకోవడం లేదు, బండి విడిపించుకోవడానికే అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, తేదీ వేసి సంతకం చేసి ఫొటో తీయండి. రాయనివ్వకపోతే అదే మాట షెడ్డు నంబరుకు వాట్సాప్‌లో పెట్టి, అది చేరాకే డబ్బు పంపండి. నగదు వద్దు. షెడ్డు పేరు మీదున్న క్యూఆర్‌కే యూపీఐ చేసి, నోట్ గడిలో "అభ్యంతరంతో" అని కొట్టండి. పనిచేసే పిల్లగాడి సొంత నంబరుకు పంపితే రేపు అది మాకు రాలేదంటారు.

గేటు దాటేముందు పాత సామాను, కొత్త సామాను వచ్చిన డబ్బాలు అడగండి. "అన్నా, పాత ప్యాడ్లు, ఫిల్టర్లు, వాటి డబ్బాలు ఇటియ్యి" అంటే చాలు, గొంతు పెంచే పని లేదు. నిజంగా మార్చినవాడి దగ్గర అవి ఏదో మూల పడే ఉంటాయి. "చెత్తల వడేసినం" అంటే ఆ మాటను కూడా వెంటనే వాట్సాప్‌లో రాసి పెట్టండి. డబ్బా దొరికితే దాని మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారీ నెల కనిపించేలా ఫొటో తీయండి.

ఇక బిల్లు సంగతి. "మూడింతలు వేశావు" అని మొత్తం మీద కొట్లాడితే గెలవరు. మజూరికి ప్రభుత్వం కట్టిన రేటంటూ లేదు. సామాను మీద కొంత మిగుల్చుకోవడం కూడా ఈ పనిలో మామూలే, ఎమ్మార్పీ దాటనంతవరకు తప్పు పట్టలేం. ఒక్కో లైను పట్టుకుని, ఇది వేశావా, ఎంత వేశావు, వేయమని ఎవరు చెప్పారు అని అడగాలి.

ఆయిల్‌తో మొదలుపెట్టండి. మాన్యువల్ చివరి పేజీల్లో ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి ఎంత పడుతుందో ఉంటుంది. చిన్న పెట్రోల్ కార్లకు అది సుమారు 3 లీటర్లు. 5 లీటర్లు నిజంగా పోస్తే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద పై గీత దాటి ఆయిల్ కనిపించాలి. దాటలేదంటే రెండు లీటర్లు బిల్లులోనే పోశారన్నమాట. డ్రమ్ము ఆయిల్ పోసి సీల్డు క్యాన్ రేటు వేయడం ఇంకో పద్ధతి. ఖాళీ క్యాన్లు చూపించలేకపోతే అనుమానించాల్సిందే.

బ్రేకులు కొంచెం జాగ్రత్తగా చూడాలి, ఎక్కువ మోసం ఇక్కడే. కొత్త ప్యాడ్‌కు రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్లు, అటూ ఇటూ ఉంటుంది. 3కు వస్తే మార్చాలి. పాత ప్యాడ్ ఉపరితలం అద్దంలా నునుపెక్కినా కీచుమంటుంది. అప్పుడు కొందరు ప్యాడ్ తీసి, ఎమరీ పేపర్‌తో రుద్ది, అదే పెట్టేస్తారు. చప్పుడు ఆగుతుంది, మీరు నమ్ముతారు, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. ఇంకో మెకానిక్ దగ్గర ముందు చక్రం విప్పించండి. ప్యాడ్ వెనక రేకు మీద రంగు, అచ్చు నంబరు తాజాగా ఉన్నాయా? అంచులు పదునుగా ఉన్నాయా, లేక బ్రేకు దుమ్ముతో నల్లగా గట్టిపడ్డాయా? మందం ఎంత? స్కేలు ఆనించి ఫొటో తీయండి. స్కిమ్మింగ్ చేసి ఉంటే డిస్క్ అంచున ఎప్పటినుంచో పేరుకున్న తుప్పు పెదవి పోయి ఉంటుంది, ముఖం మీద లేత్ గీతలు సన్నగా వలయాల్లా కనబడతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగితే ఆ గీతలు అరిగిపోతాయి, అందుకే ఈ పరీక్ష రెండు మూడు రోజుల్లోపే చేయించాలి. తుప్పు పెదవి అలాగే ఉంటే డిస్క్ లేత్ ఎక్కనే లేదు.

మీ మజూరి 2,700లో "వీల్ ఓపెనింగ్", "బ్రేక్ సర్వీస్", "ప్యాడ్ ఫిట్టింగ్" అని తలా 600 ఉన్నాయని రాశారు. చక్రం ఒక్కసారే విప్పుతారు, ఒక్కసారే బిగిస్తారు. ఒకే పనికి మూడుసార్లు మజూరి ఇది, రెండు లైన్లు తిరిగి అడగండి. పెద్ద పనుల్లోనూ ఇదే జరుగుతుంది. క్లచ్ సెట్ మార్చడానికి గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు. అప్పుడే మార్చే రిలీజ్ బేరింగ్‌కు, క్రాంక్ వెనక ఆయిల్ సీల్‌కు మళ్లీ గేర్‌బాక్స్ దించిన మజూరి వేయకూడదు.

ఏసీ గ్యాస్ లైను మీ బిల్లులో అన్నిటికంటే బలహీనం. బానెట్ కింద స్టిక్కరు మీద గ్యాస్ రకం, ఎన్ని గ్రాములో ముద్రించి ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి అర కిలో కూడా పట్టదు. 800 గ్రాములు ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ఆగిపోతుంది, చల్లదనం ఇంకా తగ్గుతుంది. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకవుతోంది. లీకు పట్టుకోకుండా ప్రతి ఎండాకాలం గ్యాస్ కొట్టడమంటే ఆ షెడ్డుకు ఏటా మామూలు కట్టడమే. పద్ధతిగా చేస్తే ముందు లీకు పరీక్ష, తర్వాత కనీసం 20, 30 నిమిషాలు వాక్యూమ్ (లోపలి గాలి, తేమ లాగేయడం), ఆపైన తూకం వేసి గ్యాస్. పది నిమిషాల్లో ముగిస్తే వాక్యూమ్ పెట్టలేదన్నట్టే, లోపల తేమ మిగిలిపోతుంది. అన్నట్టు, క్రషర్ లారీలు తిరిగే రోడ్ల మీద నడిచే బండ్లకు చాలాసార్లు గ్యాస్ సమస్యే ఉండదు. కండెన్సర్ (బండి ముందు ఉండే, ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) దుమ్ముతో మూసుకుపోతుంది, క్యాబిన్ ఫిల్టర్ నిండిపోతుంది. ముందుగా చూడాల్సినవి అవే. అదే దుమ్ము వల్ల ఎయిర్ ఫిల్టర్ తొందరగా మార్చాలన్న మాట మాత్రం ఇక్కడ నిజమే కావచ్చు, ఫిల్టర్ల లైను మీద తొందరపడకండి.

కూలెంట్ విషయంలో నల్గొండవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడి బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోసి కూలెంట్ బిల్లు వేస్తే లోపల సున్నంలా పొర కడుతుంది. మేలో 45 డిగ్రీల ఎండలో బండి వేడెక్కితే అప్పుడు హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు) పని అంటారు. ఇంజన్ పూర్తిగా చల్లారాక రిజర్వాయర్ చూడండి. కూలెంట్‌కు ఆకుపచ్చో, గులాబీయో, నీలమో స్పష్టమైన రంగు ఉంటుంది. పలచగా వెలిసినట్టుంటే నీళ్లు ఎక్కువ కలిపారు. కలపాల్సింది కూడా డిస్టిల్డ్ వాటరే.

ఇంజెక్టర్ క్లీనింగ్ అంటే ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు తీసి బెంచి మీద పరీక్షించడం, లేదంటే ఫ్యూయల్ లైనుకు క్లీనర్ క్యానిస్టర్ తగిలించి ఇంజన్ నడపడం. ట్యాంకులో ఒక సీసా పోయడానికి 1,800 ఇవ్వక్కర్లేదు. ఏది చేశారో ఫొటో అడగండి. ఇంజన్ ఫ్లష్ (ఆయిల్ మార్చేముందు ఇంజన్ లోపల కడగడం) మాన్యువల్ సర్వీస్ పట్టికలో ఉందో లేదో చూడండి. ఆయిల్ వేళకు మార్చే బండికి అది అక్కర్లేదు. ఈ రెండూ మీరు చెప్పని పనులు, ఫోన్ చేసి అడగనూ లేదు. తిరిగి అడగడానికి అది చాలు.

జీఎస్టీ లైను తేలిగ్గా తేలుతుంది. చీటీ మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణవి 36తో మొదలవుతాయి. నంబరు లేని షెడ్డుకు పన్ను వసూలు చేసే హక్కే లేదు. నంబరు ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. కాంపోజిషన్ (చిన్న వ్యాపారులకు ఉండే పన్ను పథకం) అని వస్తే వాళ్లు కూడా కస్టమర్ దగ్గర విడిగా పన్ను తీసుకోకూడదు. రెగ్యులర్ అయినా, ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఆయిల్, ప్యాడ్లు, కూలెంట్, ఫిల్టర్లు కలిపి 7,100. అవి ఎమ్మార్పీకే వేసి ఉంటే దాని మీద వేసిన 1,278 ఎటు చూసినా తిరిగి రావాలి. ఎమ్మార్పీ దాటి అమ్మితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

రెండో మెకానిక్ చూసింది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి: తేదీ, బండి నంబరు, ఓడోమీటర్ రీడింగ్, ప్యాడ్ మందం, ఆయిల్ మట్టం. ఊర్లో ఒకరి మీద ఒకరు రాయడానికి వెనకాడతారు. "ఫలానావాడు మోసం చేశాడు" అని రాయమనకండి, కొలతలు మాత్రమే రాయమనండి, రాస్తారు. ఆ కాగితంతో పొద్దున్నే, షెడ్డులో రద్దీ లేనప్పుడు వెళ్లండి. పదిమంది కస్టమర్ల ముందు ఏ యజమానీ తగ్గడు. బలమైన మూడు నాలుగు లైన్లే ఎత్తండి.

ఒప్పుకోకపోతే 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ అయినట్టు ప్రింటు దాచండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పెద్ద కంపెనీల సర్వీస్ సెంటర్ల విషయంలో పనికొస్తుంది, వీధి షెడ్డు మీద అంత పట్టు ఉండదు. అసలు దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు, గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. హైదరాబాద్ షెడ్డు మీద మహబూబ్‌నగర్‌లో వేసినా చెల్లుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. సొంత ఆటో తానే నడుపుకుని బతికేవాళ్లు కూడా వినియోగదారులే, బతుకుదెరువు కోసమేనని ఫిర్యాదులో రాయాలి.

ఈసారి బండి ఇచ్చేముందు ఈ మెసేజ్ పెట్టి, "సరే" అని జవాబు వచ్చాకే తాళం ఇవ్వండి: "పనులు: ఫలానా మూడు. అంచనా: ఇంత. ఇంతకు మించితే, కొత్త పని ఏదైనా కలిస్తే నాకు చెప్పి సరే అన్నాకే చేయాలి. పాత సామాను, డబ్బాలు తిరిగి ఇవ్వాలి." ఓడోమీటర్, బ్యాటరీ నంబరు, స్టెప్నీ టైరు ఫొటోలు తీసుకోండి. ఫిల్టర్ల మీద మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టండి.

మాట్లాడేటప్పుడు షెడ్డు యజమాని "పోనీ వచ్చే సర్వీసు ఫ్రీగా చేసిస్త" అనవచ్చు, ఒప్పుకోకండి. బండి మళ్లీ ఆయన చేతికే వెళ్తుంది. ఎంత తగ్గిస్తారో అంతా మీరు పంపిన యూపీఐ ఖాతాకే తిప్పి వేయమనండి.