‘ఆహ్వానించబడ్డాను’ అనవచ్చా?

సందేహం: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక కంపెనీ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ బజారులోకి రాకముందే వాడి లోటుపాట్లు చెప్పమని నాకు మెయిల్ పంపింది. ఆ సంతోషంలో మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో అచ్చంగా తెలుగులోనే రాద్దామని ఇలా రాశాను: ‘ఒక ఇంకా విడుదల చేయబడని ఆపరేటింగ్ సిస్టమ్ను పరీక్షించుటకు నేను ఆహ్వానించబడ్డాను.’ అమ్మ వెంటనే ఫోన్ చేసి ‘పరీక్ష ఎప్పుడే? ఉద్యోగం చేస్తూ మళ్ళీ ఈ పరీక్షల టెన్షన్ ఎందుకు?’ అంది. బాబాయి ‘ఇది తెలుగేనా?’ అన్నారు. నా వాక్యంలో తప్పుందా? ఉంటే ఎక్కడ? ఇంకో చిన్న సందేహం: ‘ఆహ్వానం’ ఒప్పా, ‘ఆవ్హానం’ ఒప్పా? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: వ్యాకరణ పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే మీ వాక్యంలో కొట్టివేయాల్సిన మాట ఒక్కటీ లేదు. అయినా మీ బాబాయిగారి అనుమానమే సరైనది. అలా తెలుగులో ఎవరూ మాట్లాడరు, మీతో సహా. మీరు నాకు రాసిన ఉత్తరమే సాక్ష్యం. అందులో మొదట ఏం రాశారు? ‘వాడి లోటుపాట్లు చెప్పమని నాకు మెయిల్ పంపింది’ అని. ఒక్క మాట దగ్గర తప్ప (దాని సంగతి తర్వాత) తడబాటు లేదు. ఎవరు పంపారో, ఎవరికి పంపారో, ఏం చేయమన్నారో అంతా తేటగా ఉంది. ‘అచ్చంగా తెలుగులో రాద్దాం’ అనుకున్న మరుక్షణం తెలుగు పోయింది.

ముందు ‘ఆహ్వానించబడ్డాను’ సంగతి చూద్దాం. ఈ ‘బడు’ మన భాషలో లేనిదేమీ కాదు. ‘చెప్పబడినది’ వంటివి పాత కావ్యాల్లోనూ ఉన్నాయి. వాడుకలో ఉన్న కనబడు, వినబడు, నిలబడు, భయపడు, కష్టపడు, బాగుపడు – ఇవన్నీ ‘పడు’ సంతానమే. కానీ వీటిని గమనించండి. ‘భయపడ్డాను’ అంటే ఆ భయం నాదే, ఎవరో నన్ను భయం చేశారని కాదు. ‘చంద్రుడు కనబడ్డాడు’ అన్నప్పుడు చూసినవాడి మీద మన ధ్యాసే ఉండదు. పని చేసినవాణ్ణి వెనక్కి నెట్టి, చేయించుకున్నవాణ్ణి కర్త కుర్చీలో కూర్చోబెట్టడానికి మన ఇళ్ళలో ‘బడు’ను వాడరు. ‘అన్నం నాచేత తినబడింది’ అన్న వాక్యం తరగతి గదిలో తప్ప ఎక్కడా పుట్టలేదు.

మరి చేసినవాడి పేరు చెప్పడం ఇష్టం లేకపోతే? తెలుగుకు దానికి సులువైన దారి ఉంది. కర్తను వదిలేసి క్రియను బహువచనంలో పెడతాం. ‘రోడ్డు వేస్తున్నారు’, ‘కరెంటు తీసేశారు’, ‘పెన్షన్ పెంచారట’. ఎవరు అని అడిగేవాడు లేడు. అలాగే ‘నన్ను పిలిచారు’. ఇంకో దారి: ‘నాకు పిలుపు వచ్చింది’, ‘ఆహ్వానం అందింది’. మీ మెయిల్ గురించి చెప్పడానికి ఈ రెండూ సరిపోతాయి. ‘బడును’ బతుకుతున్న చోటు ఒకటుంది, బోర్డు. ‘ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును’, ‘అతిక్రమించినవారికి జరిమానా విధించబడును’. బోర్డుకు నోరు లేదు కనుక ఆ కట్టె భాష దానికి నప్పుతుంది. కన్నతల్లికి రాసే కబురుకు నప్పదు.

ఇక మీ అమ్మగారి ఫోను. ఆవిడ పొరబాటు పడలేదు, మీ వాక్యమే ఆవిడను అటు నడిపింది. ‘పరీక్ష’ అన్న మాట వినగానే ఏ తల్లికైనా హాల్ టికెట్టే గుర్తొస్తుంది. నిజానికి ఈ సంస్కృతపు మాటకు ‘చుట్టూ చూడటం’ అనే మూలార్థం. పరి, ఈక్ష కలిసి పరీక్ష అయింది. నాడీపరీక్ష, రత్నపరీక్ష, ఇప్పటి భూసార పరీక్ష, రక్తపరీక్ష – వీటన్నిటిలో ఆ అర్థం చెక్కుచెదరలేదు. బడులూ కాలేజీలూ వచ్చాక పరీక్ష మనం రాసేదీ, మాస్టారు పెట్టేదీ అయికూర్చుంది. అందుకే ‘ఆపరేటింగ్ సిస్టమ్ పరీక్షకు పిలిచారు’ అంటే మీకే పరీక్ష పెడుతున్నట్టు వినిపిస్తుంది. ‘పరీక్షించు’ అని క్రియ చేస్తే కొంత నయం, కానీ అది డాక్టరు చేసే పనిలా, ప్రయోగశాలలో జరిగే పనిలా ధ్వనిస్తుంది.

మిమ్మల్ని పిలిచింది అందుకు కాదు కదా. కంపెనీలో జీతం పుచ్చుకునే టెస్టర్లు వేరే ఉంటారు. ఏ మీట నొక్కితే ఏం జరగాలో వాళ్ళ దగ్గర పట్టికలుంటాయి. వాళ్ళు చేసేదాన్ని పరీక్ష అనడం న్యాయమే. బయటివాళ్ళను పిలవడానికి కారణం వేరు. మీ పాత ప్రింటరుకు తగిలిస్తే అది పలుకుతుందా, మీరు వాడే బ్యాంకు ప్రోగ్రాం తెరుచుకుంటుందా, లాప్‌టాప్ మూత వేసి మళ్ళీ తీస్తే మేలుకుంటుందా – ఇలాంటివి లక్ష ఇళ్ళలో లక్ష రకాలుగా ఉంటాయి. అవన్నీ ఒక భవనంలో కూర్చుని ఊహించలేరు. కనుక ‘మీ ఇంట్లో మీ పద్ధతిలో వాడి చూడండి, చెడిపోతే చెప్పండి’ అంటారు.

ఇదిగో, ‘వాడి చూడండి’. తెలుగులో ‘టెస్ట్’ చేయడానికి ఇంతకంటే మంచి క్రియ నాకు తెలియదు. ఇక్కడ ‘చూడు’ కంటితో చేసే పని కాదు, ఏమవుతుందో తెలుసుకోవడం. తిని చూడు, అడిగి చూడు, వేసుకుని చూడు, నెట్టి చూడు. ఏ క్రియకు తగిలించినా దాన్ని ప్రయత్నంగా మార్చేస్తుంది. పంక్తి కూర్చోకముందు వంటవాళ్ళు ఒకరిని పిలిచి ‘పులుసులో ఉప్పు చూడు’ అంటారే, మిమ్మల్ని పిలిచింది సరిగ్గా ఆ పనికే. పులుసు పొయ్యి మీద ఉన్నప్పుడే చెప్పాలి, విస్తట్లో పడ్డాక చెప్పి లాభం లేదు.

ఒక్క జాగ్రత్త. ‘వాడి లోటుపాట్లు చెప్పమని’ అని మీరు రాసినదాన్ని చదివి, ఎవడి లోటుపాట్లు అని నేనొక క్షణం ఆగాను. ‘వాడి’కి ‘అతని’ అనీ, ‘పదును’ అనీ కూడా అర్థాలున్నాయి. ‘వాడి చూసి లోటుపాట్లు చెప్పమని’ అంటే ఆ చిక్కు రాదు. ‘చూసి’ ఇక్కడ కూడా ఆదుకుంటోంది.

ఇలా వాడి చూడటానికిచ్చే ప్రతిని ‘బీటా’ అంటున్నారు, అది గ్రీకు అక్షరమాలలో రెండోది. బయటి జనం చేతికి ఇవ్వకముందు సొంత మనుషుల మధ్య తిరిగేది మొదటిదైన ‘ఆల్ఫా’. బీటాను తెలుగు చేయాల్సిన అవసరం లేదు, అలాగే ఉంచండి. (బీటా అన్నాక కొన్ని బీటలు కనబడతాయి, కంగారు పడకండి.)

‘విడుదల చేయబడని’ దగ్గర కూడా బడు అక్కర్లేదు. ‘విడుదల’ పెరుగుదల, తగ్గుదల, ఎదుగుదలల జాతి మాట. దీనికి అవు, చేయు రెండూ తగులుతాయి. మనం చేస్తే ‘విడుదల చేశాం’, దాని సంగతి చెబితే ‘విడుదలైంది’. సినిమా విడుదలైంది అంటాం కానీ విడుదల చేయబడింది అనం. దాని వ్యతిరేకం ‘విడుదల కాని’. అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, మీ వాక్యంలో ‘ఇంకా’ అనే మాట పెట్టి మీరు దాన్ని పట్టుకున్నారు కూడా. ఆపిల్ కంపెనీ 1990ల నడుమ కోప్‌లాండ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తలపెట్టింది. తొలి ప్రతులు కొద్దిమంది ప్రోగ్రామర్ల చేతికి వెళ్ళాయి కూడా. పని తెమలక 1996లో దాన్ని వదిలేశారు. అది ‘విడుదల కాని’ ఆపరేటింగ్ సిస్టమ్, ఇక ఎప్పటికీ కాదు. అదే కంపెనీ 2000 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ టెన్ బీటాను జనానికి ఇచ్చింది. 2001 మార్చి 24న అసలుది వచ్చింది. మధ్య ఉన్న ఆ ఆరు నెలలూ అది ‘ఇంకా విడుదల కాని’ది. ఒక్క ‘ఇంకా’లో ఆశ ఉంది.

మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేనైతే ఇంకో రూపం వాడతాను, ‘విడుదల కాబోయే’. లేనిదాన్ని చెప్పే బదులు వచ్చేదాన్ని చెప్పడం మనవాళ్ళ అలవాటు. పెళ్ళికాని అల్లుడు అనరు, కాబోయే అల్లుడు అంటారు. పైగా ‘కాని’ని రాతలో ‘కానీ’ అనుకునే ప్రమాదం ఉంది.

‘ఒక ఇంకా విడుదల...’ అన్నచోట ‘ఒక’ను తీసేయండి. ఇంగ్లీషు వాక్యం మొదట్లో ఉండే చిన్నమాటకు మీరు తెలియకుండానే అద్దె కట్టారు. ‘పరీక్షించుటకు’లోని ‘-టకు’ గ్రాంథికం, దాన్ని ‘పరీక్షించడానికి’ చేసినా పూర్తిగా కుదరదు. పిలవడం, అడగడం, కోరడం వచ్చినచోట మన భాష ‘-మని’ని కోరుకుంటుంది. రమ్మని పిలిచారు, చూడమని అడిగారు, కూర్చోమన్నారు. ఎదుటివాళ్ళ నోటి మాట అందులో యథాతథంగా వినిపిస్తుంది.

పిలుపా, ఆహ్వానమా అంటే రెండూ సరే. పేరంటానికి పిలుపు, సభకు ఆహ్వానం అని చిన్న తేడా పాటిస్తాం, మెయిల్‌లో మర్యాదగా వచ్చింది కాబట్టి ఆహ్వానం అనుకోవచ్చు. కానీ ఈ వ్యాపారంలో ఆ మాటను ఎంత సాగదీశారో చూడండి. 1995లో విండోస్ 95 బయటికి రాకముందు, ముందుగా వాడి చూసే అవకాశం అంటూ మైక్రోసాఫ్ట్ ఫ్లాపీల కట్టను అమెరికాలో 19.95 డాలర్లకు ఇచ్చింది. ఇందాక చెప్పిన మ్యాక్ బీటా వెల 29.95 డాలర్లు. అసలుది కొనేటప్పుడు 30 డాలర్లు తగ్గించి ఆపిల్ పాపం కడుక్కుంది. తప్పులు వెతికిపెట్టేవాడే ఎదురు డబ్బు కట్టడాన్ని నేను ఆహ్వానం అనలేను. 2014లో విండోస్ 10కి ముందు మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టిన ఇన్‌సైడర్ పద్ధతిలో డబ్బు లేదు, ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. అది ‘అందరూ ఆహ్వానితులే’ బాపతు. మీకు విడిగా మెయిల్ వచ్చిందంటే మాత్రం నిజంగా పిలిచినట్టే, సంతోషించండి.

మీ బాబాయిగారు గమనించారో లేదో, నా కంటికి మొదట గుచ్చుకున్నది ‘సిస్టమ్ను’. మకారం కింద నకారం ఒత్తుగా వచ్చింది. మీ ఉద్దేశం అది కాదు. సిస్టమ్, ను అనే రెండు ముక్కలను కంప్యూటర్ తనంతట తానే కలిపేసింది. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు చేయడం దాని ధర్మం. వద్దంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, తెలుగు కీబోర్డుల్లో చాలావాటిలో అది ఉంటుంది. అప్పుడు ‘సిస్టమ్‌ను’ అని విడిగా నిలుస్తుంది. ఆ గొడవే వద్దనుకుంటే పెద్దవాళ్ళ పద్ధతిలో చివర అచ్చు చేర్చండి: స్టేషను, బస్సు, సిస్టము. ‘సిస్టాన్ని’ అన్నా తప్పు లేదు, పుస్తకాన్ని అన్నట్టే.

ఈ కనబడని గుర్తు ఒకసారి లోకమంతా అల్లరి చేసింది, అదీ తెలుగు పేరు మీద. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు ఒక తెలుగు అక్షరం పంపిస్తే అందుకున్న యాప్ కుప్పకూలుతోందని వార్తలొచ్చాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. మనం రోజూ రాసే జ్ఞానంలోని జ్ఞా వల్ల ఏమీ కాలేదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత ఈ కనబడని గుర్తు, చివర దీర్ఘం – ఈ వరుసలో వస్తే దాన్ని తెర మీద ఎలా గీయాలో ఐఫోన్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 11.2.5కు తోచలేదు. ఒత్తును విడదీయాల్సిన గుర్తు ఒత్తు అయిపోయాక తగిలితే అది తికమకపడింది. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, అప్పటికే జనం చేతుల్లో తిరుగుతున్న 11.3 బీటాలో ఈ తప్పు లేదు. అసలుది వాడుతున్నవాళ్ళ ఫోన్లు పడిపోతుంటే బీటా వాడుతున్నవాళ్ళవి నిలబడ్డాయి. మీరు కూడా మీ కొత్త సిస్టమ్‌లో జ్ఞా, క్ష్మి, ర్త్స్యం వంటివి టైపు చేసి చూడండి, వరస తప్పిన గుర్తులు కూడా పెట్టి చూడండి. ఆ పని తెలుగు రానివాడు చేయలేడు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగు చేయలేదేమని అడుగుతారేమో. ‘నిర్వహణ వ్యవస్థ’ అని అనువదించినవాళ్ళున్నారు. అది వింటే నాకు మునిసిపల్ ఆఫీసు గుర్తొస్తుంది. వద్దు.

కనుక మీ కబురు ఇలా ఉండొచ్చు: ‘త్వరలో విడుదల కాబోయే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ముందుగా వాడి చూసి, లోటుపాట్లు చెప్పమని నాకు ఆహ్వానం వచ్చింది.’ ఇంట్లోవాళ్ళకే అయితే ఇంకా తేలిక: ‘అమ్మా, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వస్తోంది. అందరికంటే ముందు నన్ను వాడి చూడమన్నారు.’ ఇక్కడ ‘ఒకటి’ ఉంది చూశారా, ‘ఒక’ ఇలా వెనక్కి వెళ్ళి కూర్చుంటే తెలుగులో ఒదిగిపోతుంది.

చివరి ప్రశ్న. ‘ఆహ్వానం’ ఒప్పు, ‘ఆవ్హానం’ తప్పు. పలికేటప్పుడు మనందరం ఆవ్హానం అనే అంటాం, బ్రహ్మను బ్రమ్హ అనీ, చిహ్నాన్ని చిన్హం అనీ అన్నట్టే. హకారం ముందు పలకడం తెలుగు నోటికి ఇబ్బంది. ఆ పలుకుబడిని నేను తప్పు పట్టను, రాతలో మాత్రం హకారానికే వత్తు ఇవ్వాలి. కీబోర్డు మీద ముందు హ, తర్వాత పొల్లు, ఆపైన వ, దానికి దీర్ఘం.