ఎర్ర ట్యాగు కట్టిన కొడుకు, తీసేయమన్న తండ్రి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. నేను రైస్ మిల్లులో గుమాస్తాను. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఏడాదిగా విశాఖపట్నం శివారులోని ఒక పెద్ద గోదాములో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. జీతం 16,500 రూపాయలు. సరుకు పెట్టే ఇనుప రాకులు సరిగా ఉన్నాయో లేదో వారం వారం చూసి రిజిస్టరులో రాయడం వాడి పని. గత నెల ఒక రాకు స్తంభం 8 మిల్లీమీటర్లు లోపలికి వంగిందని ఎర్ర ట్యాగు కట్టి, సరుకు దింపేయాలన్నాడట. పండుగ సరుకు వచ్చే వేళ ఇదేమిటని షిఫ్టు ఇన్‌ఛార్జి మండిపడ్డాడు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నేనే ఆయనకు ఫోను చేసి, మా వాడు చిన్నవాడు, ట్యాగు తీసేస్తాడని చెప్పాను. అప్పటి నుంచి వాడు నాతో సరిగా మాట్లాడడం లేదు. ఈ పని మాన్పించి, 1,60,000 రూపాయలకు అంతర్జాతీయ సేఫ్టీ సర్టిఫికెట్లు ఇప్పించి గల్ఫ్‌లో ఉద్యోగం చూపిస్తామంటున్న విశాఖ సంస్థలో చేర్చాలా, లేక డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాయించి బీటెక్ చదివించాలా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తూనే ఉంటుంది. ఒకరి ఉత్తరంలో వెల్డింగు ఉంటుంది, మరొకరి ఉత్తరంలో బాయిలరు ఉంటుంది, మీ ఉత్తరంలో రాకులు ఉన్నాయి. అన్నింటిలోనూ అడుగున ఉండే భయాలు మాత్రం రెండే. పెళ్లిలోనో పండుగలోనో బంధువులు అడిగినప్పుడు మా వాడు ఫలానా ఉద్యోగం చేస్తున్నాడని ఒక్క ముక్కలో చెప్పుకోలేకపోవడం మొదటిది, చేతిలో ఉన్న చిన్న ఉద్యోగం కూడా ఎవరికో కోపం వస్తే పోతుందన్న దిగులు రెండవది. మీరు కోరిన పోలిక తరువాత చెబుతాను. ముందుగా ఆ 8 మిల్లీమీటర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మీ అబ్బాయి భవిష్యత్తుకు సంబంధించిన సమాచారం మీ ఉత్తరం మొత్తంలో ఎక్కువగా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

రాకు తనిఖీకి అనేక దేశాల్లో అనుసరించే ఐరోపా ప్రమాణం ఒకటి ఉంది. దాని పేరు ఈఎన్ 15635. మీటరు పొడవున్న తిన్నని ఉక్కు బద్దను స్తంభానికి ఆనించి, వంగిన చోట ఎంత ఖాళీ వస్తున్నదో కొలుస్తారు. అరలను మోసే అడ్డ కమ్మీల, అంటే బీముల దిశలో వంగితే 5 మిల్లీమీటర్ల వరకు, లోపలి వైపుకు, అంటే ముందు వెనుక స్తంభాలను కలిపే బ్రేసింగు దిశలో వంగితే 3 మిల్లీమీటర్ల వరకు, బ్రేసింగు పట్టీలే వంగితే 10 మిల్లీమీటర్ల వరకు ఆకుపచ్చగా లెక్కిస్తారు. ఆ హద్దు దాటి రెట్టింపు వరకు ఉంటే నారింజ రంగు: ఉన్న సరుకు దిగిపోయాక, మరమ్మతు జరిగేదాకా కొత్త సరుకు ఎక్కించకూడదు, నాలుగు వారాల్లో బాగు చేయకపోతే అదీ ఎరుపుగానే మారుతుంది. రెట్టింపు దాటితే ఎరుపు, వెంటనే సరుకు దించవలసిందే. లోపలి వైపు హద్దు 3, దానికి రెట్టింపు 6, మీ అబ్బాయి కొలిచినది 8. అందులో అతని చాదస్తం గానీ, కుర్రతనం గానీ ఎక్కడా లేవు. చదువుకున్న వాడు లెక్క చూసి రంగు వేశాడు, అంతే.

చిటికెన వేలి వెడల్పు కూడా లేని వంపుకు ఇంత గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. రాకులో ఒక గదిలో ఒక్కొక్క అరకు, సరుకు పేర్చిన పలకలు, అంటే టన్ను బరువుండే ప్యాలెట్లు రెండేసి చొప్పున, నాలుగు అరలలో ఎనిమిది టన్నుల సరుకు ఉందనుకోండి. ముందు వెనుక స్తంభాలు కలిసిన జతను ఫ్రేము అంటారు; మధ్యనున్న ఫ్రేము తనకు ఇరువైపులా ఉన్న గదుల బరువులో సగం సగం మోస్తుంది కనుక దాని మీద మళ్లీ ఎనిమిది టన్నులే పడతాయి, అందులో దాదాపు నాలుగు టన్నులు ముందరి స్తంభం ఒక్కదాని మీద ఉంటాయి. ఆ స్తంభం గట్టి దిమ్మె కాదు, సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న రేకును మడిచి చేసిన గొట్టం వంటిది. తిన్నగా నిలబడి ఉన్నంతసేపే దానికి ఆ బలం. ప్యాలెట్లను పైకెత్తే రీచ్ ట్రక్కు మలుపు తిరుగుతూ ఒక దెబ్బ వేస్తే, బరువు స్తంభం నడిమధ్య నుంచి కాక పక్కనుంచి దిగడం మొదలవుతుంది, ఆ తరువాత ప్రతి కొత్త ప్యాలెట్టూ ఆ వంపును మరి కాస్త పెంచుతుంది. ఒక ఫ్రేము లొంగితే బీములు పక్క ఫ్రేమును లాగుతాయి. 2016 మే నెలలో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో, జున్ను నిల్వ చేసిన ఒక గోదాములో రాకులు ఇలాగే వరుసగా కూలిపోయి, ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు గంటల తరబడి ఆ కుప్ప కింద చిక్కుకుని, అదృష్టవశాత్తు ప్రాణాలతో బయటపడ్డాడు.

అందుచేత మధ్య ఫ్రేముకు ఎర్ర ట్యాగు పడితే ఖాళీ చేయవలసింది ఒక గదిని కాదు, రెండు గదులను. ఇన్‌ఛార్జికి కోపం వచ్చింది ఇందుకే. ఆయన కష్టం నాకు అర్థమవుతుంది: పండుగ సరుకు గుమ్మంలో నిలబడి ఉండగా పదహారు ప్యాలెట్లకు వేరే చోటు వెతకడం తేలిక కాదు. మీ తొందరను మాత్రం నేను సమర్థించలేను.

కొంచెం కఠినంగా చెబుతున్నాను, మన్నించండి. మీరు మిల్లు గుమాస్తా. ధాన్యం బస్తాల నెట్టు ఒక పక్కకు ఒరిగిందని కళాసీ మేస్త్రి చెబితే, లారీ వచ్చే వేళ కాబట్టి నోరు మూసుకో అని మీరు అంటారా? అనరు. ఒరిగిన నెట్టు కింద మనిషిని నిలబెట్టకూడదని మీకు ఎవరూ సర్టిఫికెట్టు ఇచ్చి నేర్పలేదు. అదే జ్ఞానాన్ని మీ అబ్బాయి ఒక ఉక్కు బద్దతో, ఒక రిజిస్టరుతో చూపిస్తే, మీకు అది ఉద్యోగానికి ముప్పుగా కనిపించింది. పైగా అతను సంతకం చేసిన తనిఖీని అతనికి తెలియకుండా మీరు ఫోనులో వెనక్కు తీసుకున్నారు. ఇరవై దాటిన యువకుడిని, అతని పై అధికారి ముందు, చిన్నవాడని పరిచయం చేశారు. అతను మాట్లాడడం లేదని బాధపడుతున్నారు గానీ, రేపు ఆ రాకు కింద ఎవరికైనా దెబ్బ తగిలితే రిజిస్టరులో ఎవరి సంతకం వెతుకుతారో మీరు ఒక్కసారి ఆలోచించి ఉంటే ఆ ఫోను చేసేవారు కాదు.

ఇక మీ దిగులుకు వస్తాను. ఇది ఉద్యోగమేనా అని అడిగితే, ఉద్యోగమే, కానీ ఇంకా గట్టి పేరు రాని ఉద్యోగం. ఆ ఐరోపా ప్రమాణం ప్రకారం ప్రతి గోదాములోనూ రాకుల భద్రతకు బాధ్యుడైన వ్యక్తి ఒకరు ఉండాలి, వారం వారం లేదా ప్రమాదాన్ని బట్టి నిర్ణీత వ్యవధిలో చూపుతో తనిఖీ జరగాలి, పన్నెండు నెలలకు మించకుండా నిపుణుడు వచ్చి పరీక్షించాలి. బ్రిటన్‌లో ‘సేమా’ అనే నిల్వ పరికరాల తయారీదారుల సంఘం ఇటువంటి నిపుణులకు ప్రత్యేకంగా శిక్షణ, గుర్తింపు ఇస్తుంది. మన దేశంలో కేవలం రాకులు చూసే ఉద్యోగాలు తక్కువే, ఆ మాట దాచను. అయితే రాకులు తయారు చేసి బిగించే కంపెనీలకు, ఔషధ పరిశ్రమలకు, ఆన్‌లైన్ వ్యాపార సంస్థల గోదాములకు, ఓడరేవుల చుట్టూ పెరుగుతున్న నిల్వ కేంద్రాలకు స్తంభాన్ని చూసి దాని ఆరోగ్యం చెప్పగల మనిషి కావాలి. మీ ఇంటి నుంచి చూస్తే పైడిభీమవరం ఎంతో దూరం లేదు, భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు పనులు మీరు రోజూ పత్రికలో చదువుతున్నవే. అక్కడ ఎన్ని ఉద్యోగాలు వస్తాయో చెప్పే జ్యోతిష్యం నా దగ్గర లేదు గానీ, సరుకు ఎక్కడ పెరిగితే అక్కడ రాకు పెరుగుతుందన్నది మాత్రం నిజం.

డిప్లొమా చదువు వృథా అవుతున్నదనే బెంగ కూడా మీకు ఉన్నట్టుంది. కింది బీమును ఒక అర పైకి జరిపితే స్తంభానికి ఆసరా లేని పొడవు పెరుగుతుంది, ఆ పొడవు రెట్టింపైతే సన్నని స్తంభం లొంగిపోయే బరువు సిద్ధాంతరీత్యా నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది మీ అబ్బాయి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలో చదివిన ఆయిలర్ సూత్రమే. పరీక్ష అయిపోగానే దాన్ని మరచిపోయిన విద్యార్థులను నేను చాలామందిని చూశాను, దాన్ని చేతిలో పట్టుకుని రోజూ నడుస్తున్న వాడు మీ ఇంట్లో ఉన్నాడు. బీము కొక్కేనికి లాక్ పిన్ను ఉందా, బేస్ ప్లేటు బోల్టు వదులైందా, మోయగల బరువు రాసిన బోర్డు అరల అమరికకు సరిపోతున్నదా, వంగిన స్తంభాన్ని ఎవరైనా గ్యాసు మంటతో కాల్చి సుత్తితో సరిచేశారా అని చూడడం తక్కువ పని కాదు. వేడి చేయకుండా మడిచిన ఉక్కు వేడి తగిలితే బలం కోల్పోతుంది కనుక ఆ సుత్తి మరమ్మతు అసలు దెబ్బ కంటే ప్రమాదం, స్తంభాన్ని మార్చడమే దారి. మన ప్రాంతంలో పట్టీ వేసి వెల్డింగు కొట్టేస్తే సరిపోతుందనే ధీమా ఎక్కువ కాబట్టి ఈ విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను.

లక్షా అరవై వేల కోర్సు గురించి నాకున్న అనుమానాలు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ఊరూరా ఇదే మోజు. 1979లో మొదలైన బ్రిటిష్ పరీక్షా సంస్థ నెబోష్ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్టుకు నిజంగానే విలువ ఉంది, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. నా అభ్యంతరం ఆ సర్టిఫికెట్టును ఇంకో నాలుగు చిన్న సర్టిఫికెట్లతో కలిపి మూట కట్టి, దాని పైన ఉద్యోగం అనే రిబ్బను చుట్టే పద్ధతి మీద. మొదటిది, అది భారతీయ చట్టం అడిగే అర్హతకు బదులు కాదు. కర్మాగారాల్లో సేఫ్టీ ఆఫీసరుగా నియమించడానికి రాష్ట్రాల నియమాలు సాధారణంగా అడిగేవి మూడు: ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే రెండేళ్లు, డిప్లొమా ఉంటే అయిదేళ్లు కర్మాగారంలో పర్యవేక్షక హోదాలో అనుభవం, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిగ్రీ లేదా డిప్లొమా, అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండడం. ఆ మూడవది మీ అబ్బాయికి పుట్టుకతోనే వచ్చింది, మొదటిదాని వైపు ఇప్పుడిప్పుడే అడుగు పడుతున్నది, మీరేమో దాన్ని మధ్యలో తెంపుతానంటున్నారు.

రెండవది, గల్ఫ్‌లో యజమాని అడిగే మొదటి ప్రశ్న సైటు మీద ఎన్నేళ్లు చేశావని. అనుభవం లేకుండా సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వెళ్లి, హెల్పరుగా రెండేళ్లు గడిపి తిరిగి వచ్చిన ఉద్దానం కుర్రవాళ్లు నా ఎదుట కూర్చుని చెప్పుకున్న కథలు నేను విన్నాను. మూడవది, శిక్షణ ఇచ్చే వారు వేరు, విదేశీ ఉద్యోగానికి పంపే అధికారం ఉన్నవారు వేరు. పంపేవారికి కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కనిపించాలి, వారు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఈ వివరాలు అడిగినప్పుడు ఆ సంస్థవారు మాట మారుస్తున్నారా, కాగితం చూపిస్తున్నారా అనేదే మీకు అసలు పరీక్ష.

బీటెక్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చదివితే మంచిదే, అయిదేళ్ల అనుభవం షరతు రెండేళ్లకు తగ్గుతుంది. కానీ బంధువులకు చెప్పుకోవడానికి చదివించే బీటెక్‌కు మూడేళ్ల ఫీజు కట్టవద్దు. ఉద్యోగం చేస్తున్న డిప్లొమా వారి కోసం సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతించిన తరగతులు విశాఖలోనో, మన జిల్లాలోనో ఏ కళాశాలలో ఉన్నాయో మీ అబ్బాయినే కనుక్కోమనండి, ఆ దారి ఉంటే జీతం ఆగదు. లేదంటే మరికొంత కాలం పని చేశాక ఏడాది పారిశ్రామిక భద్రత డిప్లొమా గురించి ఆలోచించవచ్చు, చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థ వంటి చోట్ల అది ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 1000 మంది కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసరును అడిగితే, 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి దించింది. ఈ మార్పు మీ అబ్బాయి వయసు వారికే ఎక్కువ ఉపయోగపడుతుంది. పోలిక ఇంతే. మీరు ఆశించినంత పొడవుగా లేదని తెలుసు.

మీ అబ్బాయికి నా మాటగా ఇది చెప్పండి: ట్యాగు తీసేసి ఉన్నా, ఆ స్తంభం వరుస సంఖ్య, కొలత, తేదీ, ఫొటోతో సహా భద్రతకు బాధ్యుడైన వ్యక్తికి లిఖితపూర్వకంగా పంపాలి, ఒక ప్రతి తన దగ్గర ఉంచుకోవాలి, సరిగా ఉందని రాసిన చోట సంతకం చేయకూడదు. దానివల్ల ఉద్యోగం పోవచ్చునా అంటే, పోవచ్చు. 16,500 రూపాయల కాంట్రాక్టు ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది, ఏడాది అనుభవం ఉన్నవాడికి ఇంకా త్వరగా దొరుకుతుంది.

మీరు చేయవలసిన ఫోను ఒకటుంది, అది కోర్సు వారికి కాదు. ఆ ఇన్‌ఛార్జికి ఫోను చేసి, పోయినసారి తెలియక మాట్లాడాను, ఆ విషయంలో మా అబ్బాయి మాటే మాట అని చెప్పండి. చెప్పానని మీ అబ్బాయికి కూడా చెప్పండి. నెలాఖరులోగా చేరితే ఫీజులో తగ్గింపు ఇస్తామని ఆ సంస్థవారు తొందరపెడుతూ ఉంటారు, ఆ గడువును దాటిపోనివ్వండి.