యుద్ధంలో చనిపోయిన కౌంటీ క్రికెటర్లలో మీ మనసులో నిలిచిపోయినవారు ఎవరు?

నాకైతే హెడ్లీ వెరిటీ. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కౌంటీ జట్టుకి ఆడిన ఎడమచేతి వాటం స్పిన్నర్. రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడు.

ఉద్యోగం మీద లీడ్స్‌లో మూడేళ్ళున్నాను. సెలవురోజుల్లో అక్కడో చిన్న క్లబ్బుకి ఆడేవాణ్ణి. నాదీ ఎడంచేతి స్పిన్నే. నా బౌలింగ్ చూసి, స్కోరు రాసే పెద్దాయన "వెరిటీ పేరు విన్నావా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. హెడింగ్లీ గ్రౌండు పక్కనే ఉంటూ వినలేదంటే ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. మరుసటి వారం ఒక పాత స్కోరుకార్డు నకలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

1932 జులై 12, హెడింగ్లీ, నాటింగ్‌హామ్‌షైర్ రెండో ఇన్నింగ్స్. లంచ్‌కి వికెట్ పోకుండా 38. ఆ తర్వాత 67కే ఆలౌట్! వెరిటీ పేరు పక్కన: 19.4 ఓవర్లు, 16 మెయిడెన్లు (ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్లు), 10 పరుగులు, 10 వికెట్లు. అందులో ఒక హ్యాట్రిక్. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఇంతకంటే తక్కువ పరుగులిచ్చి పదికి పది వికెట్లూ తీసినవాళ్ళు ఇప్పటికీ లేరు. బంతి తిప్పడం తెలిసినవాళ్ళకి ఆ పదహారు మెయిడెన్ల విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంగ్లండ్ తరఫున టెస్టుల్లో ఆస్ట్రేలియా మేటి బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్‌ని ఎనిమిదిసార్లు అవుట్ చేశాడు. అంతకంటే ఎక్కువసార్లు ఇంకెవరూ చేయలేదు. మన దేశానికీ వచ్చాడు. 1934 ఫిబ్రవరిలో చెపాక్‌లో, మన సి.కె. నాయుడు కెప్టెన్‌గా ఉన్న జట్టు మీద మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు, మ్యాచ్ మొత్తమ్మీద 11.

నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం అతని చివరి కౌంటీ మ్యాచ్. 1939 సెప్టెంబరు 1, హోవ్ మైదానం. ఆ ఉదయమే జర్మనీ పోలండ్ మీద పడింది. ఇక్కడ వానకి తడిసిన పిచ్ మీద ససెక్స్ 33కే ఆలౌట్. వెరిటీ ఆరు ఓవర్లు వేసి 9 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. మ్యాచ్ గెలిచి యార్క్‌షైర్ జట్టు బస్సెక్కింది. రెండు రోజులకు బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అప్పటికి అతని వయసు 34, ఫస్ట్‌క్లాస్ వికెట్లు 1956. స్పిన్నర్‌కి అదేమీ ఆట మానేసే వయసు కాదు. ఇంకో ఐదారేళ్ళు తేలిగ్గా ఆడేవాడు కదా అనిపిస్తుంది నాకు.

గ్రీన్ హోవర్డ్స్ రెజిమెంటులో చేరి కెప్టెన్ అయ్యాడు. 1942లో మళ్ళీ మన దేశానికే వచ్చాడు, ఈసారి సైనికుడిగా. రాంచీలో జిగట విరేచనాలతో బాగా జబ్బుపడ్డాడు. 1943 జులై 19 రాత్రి, సిసిలీలో కటానియా దగ్గరి మైదానం. పంటచేలకు నిప్పంటుకుంది, ఎదురుగా తుపాకులు. ముందుండి నడిపిస్తున్న వెరిటీకి ఛాతీలో గాయమైంది. పడిపోయి కూడా తన వాళ్ళని ఆగొద్దు, ముందుకెళ్ళమన్నాడు. శత్రువుకి చిక్కాడు. నేపుల్స్ దగ్గర కసెర్టాకు తీసుకెళ్ళారు. జులై 31న అక్కడే ప్రాణం పోయింది. భార్యకీ, ఇద్దరు కొడుకులకీ కొన్ని వారాలపాటు "ఆచూకీ తెలియలేదు" అన్న కబురే.

1954లో ఆస్ట్రేలియా వెళ్తూ అప్పటి ఇంగ్లండ్ కెప్టెన్ లెన్ హటన్, యార్క్‌షైర్ జట్టులో వెరిటీ పాత సహచరుడు బిల్ బోవ్స్ దారిలో వెరిటీ సమాధి దగ్గరకెళ్ళారు. హటన్ తన యార్క్‌షైర్ టై తీసి దానికి కట్టాడు.

ఇటలీ వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. తెల్లరాళ్ళ వరసల్లో వెతుక్కుంటూ పోతే దొరికింది. పేరు, రెజిమెంటు, తేదీ, వయసు 38. ఫోటో తీసి పెద్దాయనకి పంపాను. వెంటనే ఫోన్ చేసి, "గడ్డి సరిగ్గా కోస్తున్నారా?" అని అడిగారు. కోస్తున్నారని చెప్పాను. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు.