టెక్ సందేహాలు: ‘చెప్పు’ అంటే ఏ చెప్పు?

ప్రశ్న: అనువాదం యాప్‌లో ‘చెప్పు’ అని ఒక్క మాటే కొడితే ‘టెల్’ అని వస్తోంది. ‘చెప్పు తెగింది’ అంటే మాత్రం కాలి చెప్పేనని సరిగ్గా పట్టేస్తోంది. అంత తెలివున్న యాప్, ‘అక్క కారు బుక్ చేసింది, నిన్న వచ్చింది’ అని రాస్తే అక్కే వచ్చిందంటోంది! ఎందుకిలా?

జవాబు: యాప్ ఏ మాటనూ విడిగా చూడదు, ఇరుగుపొరుగు మాటలతో కలిపి చూస్తుంది. పక్కన ‘తెగింది’ ఉంటే అది కాలి చెప్పే. పక్కన ఏమీ లేకపోతే, తాను నేర్చుకున్న రాతల్లో ఏ అర్థం ఎక్కువగా కనిపించిందో దానివైపే మొగ్గుతుంది.

ఈ ఆలోచన పాతదే. 1986లో మైకేల్ లెస్క్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డిక్షనరీలతో ప్రయత్నించారు. ఒక మాటకున్న అర్థాల్లో ఏ వివరణలోని పదాలు పక్కమాటల వివరణలతో ఎక్కువగా కలుస్తాయో, ఆ అర్థాన్నే తీసుకోవడం ఆయన పద్ధతి. నాకు చాలా నచ్చే ఉపాయం ఇది. కాకపోతే డిక్షనరీ వివరణలు మరీ పొట్టిగా ఉంటాయి, కలిసే పదాలు దొరకడమే కష్టం. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలో మాటలు అంకెల వరుసలుగా మారతాయి. ఏ పక్కమాటను ఎంత పట్టించుకోవాలో మోడల్ (యాప్ వెనక పనిచేసే ప్రోగ్రామ్) లెక్కవేస్తుంది, దాన్ని బట్టి ఆ అంకెలూ మారతాయి. అందుకే రెండు ‘చెప్పు’లూ దానికి వేర్వేరుగా కనిపిస్తాయి.

ఇక మీ అక్క, కారు సంగతి. ఇక్కడ చిక్కంతా మన క్రియలోనే ఉంది. ‘వచ్చింది’ అక్కకూ సరిపోతుంది, కారుకూ సరిపోతుంది. ఇంగ్లిష్‌లోకి మార్చాలంటే ‘షీ’, ‘ఇట్’లలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. బుక్ చేసిన వస్తువు తర్వాత ఇంటికి వస్తుందని మనకు తెలుసు కాబట్టి మనం తడబడం. వాక్యంలో ఆ ముక్క ఎక్కడా లేదు. ఇలాంటి లోకజ్ఞానం లేకుండా యంత్రాలు అనువాదం సరిగ్గా చేయలేవని యెహోషువా బార్-హిల్లెల్ అనే ఇజ్రాయెల్ తత్వవేత్త 1960లోనే వాదించారు. ఇప్పటి మోడళ్లు కోట్ల వాక్యాలు చదివి అందులో చాలావరకు అందుకుంటున్నాయి. అయినా ఇలాంటిచోట జారిపోతూనే ఉంటాయి.

మీరు చేయాల్సింది చిన్నదే. ‘కారు నిన్న వచ్చింది’ అని కర్తను రాయండి. ‘పాలు పంచుకున్నారు’ లాంటివాటితో మరీ జాగ్రత్త. గ్లాసులో పాలా, పనిలో భాగమా అన్నది ముందు వాక్యమే తేల్చాలి. కాబట్టి ముక్కలుగా కాకుండా పేరా మొత్తం ఒకేసారి ఇవ్వండి.