భుజం చూసేటప్పుడు టెస్టుల పేర్లు ఆఖర్న

చిరంజీవి లావణ్యకు,

వచ్చే వారం నుంచి ఓపీలో భుజం కేసులు నీకే ఇస్తున్నారని మీ అమ్మ చెప్పింది. టెస్టుల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని బట్టీ పడుతున్నావట. పట్టు, వద్దనను. కానీ పేషెంటు కూర్చోగానే నీర్, హాకిన్స్, స్పీడ్స్ అంటూ మొదలుపెట్టకు.

"రెక్క లేవట్లేదమ్మా" అంటారు మనవాళ్లు. ఏ పనికి లేవట్లేదో అడుగు. జడ వేసుకోడానికా, వెనక హుక్కు పెట్టుకోడానికా? రాత్రి ఆ పక్కకి ఒత్తిగిల్లగలుగుతున్నారా? నొప్పి ఎక్కడో వేలితో చూపించమను. తిమ్మిరి మోచెయ్యి దాటి వేళ్లదాకా పాకుతోందంటే ముందు మెడ చూడాలి. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే ఎడమ భుజం నొప్పి, పైగా చెమట, ఆయాసం ఉంటే పరీక్ష ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి పంపించు.

రెండు భుజాలూ కనిపిస్తేగాని తేడా తెలియదు. ఆడవాళ్లయితే కర్టెన్ వేసి, ఎందుకు చూస్తున్నావో చెప్పి, ఒప్పుకున్నాకే చూడు. వెనక నిలబడితే రెక్క ఎముక మీద కండ కరిగి గుంట పడిందేమో తెలుస్తుంది. హడావిడిలో అందరూ వదిలేసేది ఇదే.

ఇక అసలు సంగతి. చెయ్యి ముందు వాళ్లని లేపమను, తర్వాత నువ్వు లేపు. బాగున్న చేత్తో మొదలుపెట్టు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, ముంజేతిని నెమ్మదిగా బయటికి తిప్పు. నువ్వు తిప్పినా అది రెండో వైపుకన్నా బాగా తక్కువ దగ్గరే గట్టిగా ఆగిపోతే భుజం పట్టేసినట్టు, లేదా కీలు అరిగినట్టు. ఆ రెంటికీ తేడా ఎక్స్‌రే చెబుతుంది. షుగర్ ఉందా అని తప్పకుండా అడుగు, పట్టేసిన భుజాలు వాళ్లలో ఎక్కువ. అలాంటి భుజానికి, చెయ్యి ముందుకి లేపి లోపలికి తిప్పే హాకిన్స్ టెస్ట్ చేస్తే నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? పాజిటివ్ అని రాసుకుని ఇంపింజ్‌మెంట్ (చెయ్యి లేపినప్పుడు లోపల ఎముక కింద నలగడం) అనేస్తే వైద్యమే దారి తప్పుతుంది. ఫిట్స్ వచ్చాకో కరెంట్ షాక్ కొట్టాకో చెయ్యి బయటికి తిరగకపోతే బలవంతం చెయ్యకు. కీలు వెనక్కి జారి ఉండొచ్చు. ఎదుటినుంచి తీసిన ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు, పక్కనుంచి తీసింది కూడా అడుగు.

వాళ్లు లేపలేకపోతున్నా నువ్వు లేపితే పూర్తిగా వెళ్తోందంటే కండను ఎముకకు కట్టే తాడు (టెండన్) తెగిందేమో, నాడి దెబ్బతిందేమో అని ఆలోచించు. ఇక్కడ నాకు ల్యాగ్ సైన్ మీద గురి. మోచెయ్యి అలాగే మడిచి, చేతిని దాదాపు చివరిదాకా బయటికి తిప్పి, "ఇక్కడే ఉంచండి" అని వదిలెయ్. ముంజెయ్యి లోపలికి వచ్చేస్తే రెక్క ఎముక వెనకవైపు ఉండే సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్ కండరాలను అనుమానించు. ముందువైపు ఉండే సబ్‌స్కాపులారిస్ కోసం, చెయ్యి నడుం వెనక పెట్టించి వీపు నుంచి ఎత్తించే గెర్బర్ లిఫ్ట్ ఆఫ్ ఉంది, చెయ్యి నడుం వెనక్కి వెళ్లనివాళ్లకి పొట్ట మీద అదిమించి చూడు. చెయ్యి చాపించి, బొటనవేలు కిందికి పెట్టించి, పైనుంచి అదిమే ఎంప్టీ క్యాన్‌లో నొప్పికన్నా బలం తగ్గిందా అన్నదే ముఖ్యం. బొటనవేలు పైకి పెట్టించి చేస్తే నొప్పి తక్కువ, బలం తేటగా తెలుస్తుంది.

నీర్ చెప్పిన పరీక్ష, హాకిన్స్, కెనడీ 1980లో చెప్పిన పరీక్ష పనికిరావని కాదు. భుజంలో నొప్పి రేగుతోందని చెబుతాయి, ఏది పాడైందో చెప్పవు. చెయ్యి పక్కనుంచి లేపేటప్పుడు 60 నుంచి 120 డిగ్రీల మధ్య మాత్రమే నొప్పి వచ్చి, పైకి వెళ్లాక తగ్గితే, వాటికి కాస్త బలం వస్తుంది. బైసెప్స్ (దండ ముందువైపు కండ) కోసం చేసే స్పీడ్స్, యెర్గాసన్ టెస్టుల్లో ఏ ఒక్కదానిమీదే ఆధారపడను, కీలు గుంట అంచు కోసం చేసే ఓబ్రయన్ మీదా అంతే.

కబడ్డీ ఆడే కుర్రాడు "అప్పుడప్పుడు జారుతుంది" అంటే, చేతిని పక్కకి చాపి బయటికి తిప్పే అప్రిహెన్షన్ టెస్ట్ చెయ్యి, పడుకోబెట్టి, నిదానంగా, కళ్లు మాత్రం అతని మొహం మీదే ఉంచి. నొప్పి కాదు, జారిపోతుందన్న భయం కనిపించాలి. కనిపించగానే ఆపెయ్. మొన్ననే జారినవాడికైతే అసలు చెయ్యకు.

కేస్ షీట్‌లో ఉత్త పాజిటివ్, నెగటివ్ రాయకు. బయటికి తిరగడం కుడి ఎంత, ఎడమ ఎంత, నొప్పి ఏ డిగ్రీ దగ్గర మొదలైందో రాస్తే రెండు వారాల తర్వాత మార్పు తెలుస్తుంది. కీలు ఎన్ని డిగ్రీలు తిరిగిందో కొలిచే నా గోనియోమీటర్ ఒకటి ఖాళీగానే ఉంది, ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ