మే నెలలో బోట్లు వేటకెళ్ళవు

మహారాణిపేట, విశాఖపట్నం
మే 18

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు రెండోసారి రాసిన కథ కాగితాలు అందాయి. ఉత్తరంలో మూడుచోట్ల నన్ను 'మేడమ్' అన్నావు. పిన్నీ అను, చాలు.

మొన్న ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మనవాళ్ళు పదిమందీ కూర్చుని నీ కథ విన్నంతసేపూ నీ ముఖమే చూస్తున్నాను. బాగుంది, బాగుంది అన్న ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకున్నావు. వెనక కుర్చీలోంచి ఆ పెద్దాయన "మే నెలలో బోట్లు వేటకెళ్ళవు కదమ్మా" అనగానే పెన్నుకి మూత పెట్టేశావు. తరవాత ఎవరేం చెప్పినా నీ చెవికెక్కలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయావు. కథలో బాధ వదిలేసి నెలలు లెక్కపెట్టేవాళ్ళకి ఏం చెప్తాం అని ఉత్తరంలో రాశావు. నాకు మాత్రం ఆ రోజు నీకు దొరికిన విలువైన మాట అదొక్కటే అనిపించింది.

ఆయన చెప్పింది నిజం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. నీ కథలోనేమో మే నెల తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ నిండా అప్పుడే వేట నుంచి తిరిగొచ్చిన బోట్లు. చేపలమ్మే మామ్మ తట్ట పట్టుకుని వాటి మధ్యకి వస్తుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఒకసారి ఆగాక, ఆ తరవాత పేజీల్లో నువ్వు ఎంత మనసు పెట్టి రాసినా 'ఈ పిల్ల హార్బర్ చూడకుండా రాసింది' అన్న అనుమానం వాళ్ళని వదలదు.

దిద్దుకోవడం తేలికే. మే కొట్టేసి ఫిబ్రవరి అని రాస్తే సరిపోతుంది. రెండోసారి నువ్వు చేసింది అదే. కానీ అమ్మాయీ, తప్పుతోపాటు కథ కూడా చెయ్యి జారిపోయింది. మే నెల అలాగే ఉంచి ఒకసారి ఆలోచించు. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. రోజూ తట్ట ఎత్తితేనే పొయ్యి వెలిగే మనిషి ఆ 61 రోజులు ఏం చేస్తుంది? ఎండు నెత్తళ్ళు అమ్ముతుందా? అప్పు చేస్తుందా? చేస్తే ఎవరి దగ్గర? నలభై ఏళ్ళుగా నాలుగింటికి లేచిన ఒళ్ళు, లేవక్కర్లేని రోజున ఏం చేస్తుంది? నీ కథలో మామ్మ మనవరాలి కాలేజీ ఫీజు కోసం డబ్బు కూడబెడుతోంది. ఫీజు గడువు జూన్ 10 అని పెట్టి చూడు. నిషేధం ముగియడానికి ఇంకా నాలుగు రోజులుంటుంది. ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో రాయి. ఆ పెద్దాయన నీకు ఇచ్చింది ఇది. ఆయనకే తెలియకపోవచ్చు.

అందుకే చెప్తున్నాను, ఇకనుంచి నీ కథ మీద నలుగురూ మాట్లాడుతున్నప్పుడు సమాధానం చెప్పకు. 'నా ఉద్దేశం అది కాదండీ' అనే మాట నోట్లోనే మింగెయ్. పత్రికలో చదివేవాడి పక్కన నువ్వు కూర్చుని ఉండవు కదా. ఎవరు ఏ వాక్యం దగ్గర ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారో అది రాసుకో. కథ ఎలా మార్చాలో వాళ్ళు చెప్పే సలహాలు చాలాసార్లు పనికిరావు. వాళ్ళు ఆగిన చోటు మాత్రం దాదాపు ఎప్పుడూ నిజమే.

ఇక పుస్తకాల సంగతి. చదవాల్సినవి వంద పేర్లు రాసి పంపమన్నావు. పంపను. నా దగ్గర అలాంటి జాబితాలు తీసుకువెళ్ళిన పిల్లలు కొందరున్నారు. పేర్లు చదివారు, పుస్తకాలు చదవలేదు. నాలుగైదు చెప్తాను. ఒక్కొక్కటీ మూడేసిసార్లు చదువు. మొదటిసారి మామూలుగా, కథ కోసం. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఫలానా సంగతి నీకు ఎక్కడ తెలిసిందో అక్కడ గీత పెట్టుకుంటూ. మూడోసారి నీకు నచ్చిన రెండు పేజీలు నీ చేత్తో ఎత్తి రాయి. చేత్తో రాస్తేనే తెలుస్తుంది, వాక్యం ఎక్కడ ఆగిందో, ఎందుకక్కడ ఆగిందో.

మొదట కన్యాశుల్కం. అందరూ చెప్పే పేరే కదా అనుకోకు. 1892లో విజయనగరంలో ఆడారు, జనం మెచ్చుకున్నారు, 1897లో పుస్తకంగా వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. గురజాడ మళ్ళీ పట్టుకుని దాదాపు కొత్త నాటకమే అన్నంతగా తిరగరాసి 1909లో అచ్చు వేశారు. రెండు ప్రతులూ సంపాదించి పక్కపక్కన పెట్టుకో. మొదటి ప్రతిలో మధురవాణి చిన్న పాత్ర. మనందరం చెప్పుకునే మధురవాణి, ఎవరికీ లొంగకుండా అందరినీ ఆడించే ఆ మనిషి, రెండో ప్రతిలోది. అంతా బాగుందన్న నాటకాన్ని ఆయన మళ్ళీ విప్పకపోతే ఆవిడ మనకి ఉండేది కాదు. నువ్వు నీ కథకి 'రెండోసారి రాసింది' అని పైన రాసి పంపావు. చూస్తే నెల పేరు మారింది, నాలుగు విశేషణాలు తగ్గాయి. అది శుభ్రపరచడం. తిరగరాయడం అంటే కన్యాశుల్కం.

కారా మాస్టారి, అదే కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' చదువు. పెద్ద కథ, మొదట్లో నీకు నెమ్మదిగా ఉన్నట్టుంటుంది, వదలకు. ఊళ్ళో ఒక పాత అప్పు మీద పంచాయితీ. అంతే. ఆ వాదనలోంచే ఊరు ఎలా మారిందో, ఎవరు పైకొచ్చారో, ఎవరు కిందపడ్డారో అంతా వచ్చేస్తుంది. చరిత్ర చెప్పడానికి ఆయన కథ ఆపలేదు. ఆయన ఈ ఊళ్ళోనే హైస్కూల్లో పాఠాలు చెప్పినవారు. తరవాత శ్రీకాకుళంలో కథల కోసమే ఒక ఇల్లు, కథానిలయం, 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. ఒక రోజు వీలు చేసుకుని వెళ్ళిరా. పాత పత్రికలు తిరగేస్తే ఎంతమంది ఎంత రాశారో కళ్ళతో చూస్తావు. చూశాక కలం పట్టుకునే తీరు మారుతుంది.

చాసో (చాగంటి సోమయాజులు) కథ 'వాయులీనం' నీకు పావుగంట పని. కథంతా ఒక ఫిడేలు చుట్టూ ఉంటుంది. నీ కథలో మామ్మ బాధ చెప్పడానికి నువ్వు పదకొండు వాక్యాలు ఖర్చుపెట్టావు, లెక్కపెట్టాను. అది చదివాక ఆ పదకొండూ ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది. పి.సత్యవతిగారి 'ఇల్లలకగానే' కూడా చదువు. ఇల్లు శుభ్రం చేసుకుంటూ చేసుకుంటూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. జరగడానికి వీల్లేని సంగతిని ఏ హడావుడీ లేకుండా, పక్కింటి విషయంలా చెప్పడం ఎలాగో అందులో ఉంది.

రావిశాస్త్రిగారిని, అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రిగారిని చివరికి ఉంచాను, ఎందుకంటే ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చెవి. ఇదే ఊళ్ళో ప్లీడరు. మద్యనిషేధం చట్టం కోర్టుల చుట్టూ తిరిగే పేదల్ని ఏం చేసిందో 'ఆరు సారా కథలు'లో వింటావు. వింటావు అనే అంటున్నాను. ఆ మనుషులు ఒక్కొక్కరూ ఒక్కొక్కలా మాట్లాడతారు. పేర్లు చెరిపేసినా ఎవరి మాట ఏదో పోల్చుకోవచ్చు. నీ కథలో మామ్మ "నేను వెళ్తున్నాను, త్వరగా భోజనం చేసి పడుకో" అంటుంది. ఏ మామ్మ అమ్మాయీ? హార్బర్ పక్క ఇంట్లో మామ్మ "నానెల్లిపోతన్నాను, బేగి తినీసి పడుకో" అంటుంది కదా! అలాగని ప్రతి మాటనీ విరగ్గొట్టి రాయకు. అనంతపురంలో కూర్చుని చదివేవాళ్ళు ఉంటారు. రెండు మూడు మాటలు సరైనచోట పడితే మిగతా యాస చదివేవాళ్ళే వినిపించుకుంటారు. ఇంకొకటి. యాస బీదవాళ్ళకే పెట్టకు. ఆ ఇంట్లోనే పెరిగిన మనవరాలు పుస్తకంలా మాట్లాడుతోంది. కోపం వచ్చినప్పుడు కూడా అలాగే మాట్లాడుతుందా? నువ్వు మాట్లాడతావా?

చెవి గురించి నాకు చెప్పింది పుస్తకాలే కాదు. నేను ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేశానని నీకు తెలుసు. అప్పట్లో వేరే ఊరికి ఫోన్ అంటే ముందు బుక్ చేసుకుని గంటలకొద్దీ కాచుకోవాలి. మూడు నిమిషాలు కాగానే మేం లైన్‌లోకి వెళ్ళి "త్రీ మినిట్స్ ఓవర్, పొడిగించమంటారా" అని అడగాలి. జనం మాటలు వినకూడదు, వినేవాళ్ళం కాదు. కానీ అడగడానికి వెళ్ళినప్పుడు ఆ చివరి రెండు మాటలూ చెవిన పడేవి. ఒక రాత్రి ఒకావిడ కలకత్తాలో ఉన్న కొడుకుతో మాట్లాడుతోంది. నేను లైన్‌లోకి వెళ్ళేసరికి ఆవకాయ జాడీ గురించి ఏదో నడుస్తోంది. మూడు నిమిషాలయిందన్నాను. ఆవిడ గబగబా "ఈ ఏడు మీ నాన్న ఆవకాయ అడగలేదురా" అంది. అవతల కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తరవాత కొడుకు "రేపు బయల్దేరతానమ్మా" అన్నాడు. పొడిగించమని ఇద్దరూ అడగలేదు.

ఆ తండ్రికి ఏ జబ్బో ఆవిడ చెప్పలేదు. నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్స్ఛేంజి నుంచి ఇంటికి నడుస్తూ నేను అప్పటిదాకా రాసిన కథలన్నీ తలుచుకున్నాను. అన్నింట్లోనూ మనుషులు తమకేం బాధో పూర్తిగా, విడమరిచి చెప్పుకుంటున్నారు. ఆ కథలు నేను మళ్ళీ ఎవరికీ చూపించలేదు.

నీలో ఆ చెవి లేదని అనడంలేదు, ఉంది. మూడో పేజీలో మామ్మ పది రూపాయల నోటుకి అంటుకున్న చేప పొలుసుని గోటితో గీకి తీసి, నోటు చీరకొంగుకి తుడిచి మనవరాలి చేతిలో పెడుతుంది. ఆ వాక్యం దగ్గర నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలా కూర్చున్నాను. దాని కిందే నువ్వు 'ఆమె ప్రేమకు ఆ నోటు నిదర్శనం' అని రాశావు. అది కొట్టెయ్. పొలుసు చాలు. తట్టలో 'చేపలు' అన్నావు, ఏ చేపలు? కవళ్ళు అయితే గబగబా పాడైపోతాయి, మధ్యాహ్నం ఎండ ముదిరేలోగా అమ్ముకోవాలని మామ్మకి కంగారు. ఖరీదైన వంజరం అయితే అంత పెట్టుబడి ఎవరు పెట్టారన్న ప్రశ్న వస్తుంది. చేప పేరు రాస్తే ఆవిడ అప్పు, ఆవిడ నడక వేగం రెండూ తెలుస్తాయి.

ఒక వారపత్రిక పోటీకి గడువు నెలాఖరు అని టెన్షన్ పడుతున్నావు. ఈసారికి వదిలెయ్. వచ్చే ఏడు ఇంకో పోటీ ఉంటుంది. ఈ కథని తొందరపడి పంపితే మళ్ళీ ముట్టుకోవు, నాకు తెలుసు.

ఇప్పుడు మే నెలే. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. గురువారం తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్దాం, నేనూ వస్తాను. మీ మామ్మని కూడా అడుగు, వస్తే ఇంకా మంచిది. ఏం రాస్తున్నావో ఎవరికీ చెప్పకు, ప్రశ్నలు అడగకు, వలలు అల్లేవాళ్ళ పక్కన కాసేపు ఊరికే కూర్చుందాం. పాత పోస్టాఫీసు దగ్గర దిగు, అయిదింటికల్లా అక్కడ ఉంటాను. నోట్‌బుక్ ఇంట్లో పెట్టి రా. ఆ పొలుసు పేజీ మాత్రం తీసుకురా, అచ్చం అలాంటి వాక్యం ఇంకొకటి ఎక్కడ కావాలో చూపిస్తాను.

బేగి రా.

ఆశీస్సులతో,
పిన్ని